ఒంటిచింత కాడ ఎత్తుకున్న రాయి

జనం వదిలేసిపోయిన నాగులకుంట పాడు కాడ పాతదోవ పక్కన ఒంటిచింత ఉండాది చూడండి, దాని కిందనే గట్టు కూలిన బావి, ఆ చెట్టు ఏటేటా విరగ్గాస్తాది, కాసిన కాయ కాసినట్లే ఎండి రాలి మట్టిలో కలిసిపోతాది గానీ ఒక్కడన్నా పోయి ఏరుకోడు. మేకలోళ్ళు గూడ ఆ నీడకు పోరు, నెత్తిన నిప్పులు పోసే ఎండలో గూడ అవతల బండమీదనే కూర్చుంటారు. ఎందుకు పోరు? ఎవుర్నన్నా అడగండి, దెయ్యముంది అంటారు. ఎట్లాంటి దెయ్యం, ఎవుర్ని పట్టింది, ఏం చేసింది అని అడగండి, ఒక్కని నోరు లెయ్యదు. ఊరంతా భయపడేదానికి ఉంది, సంగతి తెలిసినోడు మాత్రం ఈ ఈరన్న ఒక్కడే.

రేపు తెల్లారి మీరంతా మోటార్‌సైకిళ్ళేసుకోని గండికోటకు పోతారంట గదా, పాతదోవన పోతే గుత్తి దగ్గరపడతాదని ఎవుడో తెలివిమంతుడు చెప్పినాడంట గదా. అందుకే చెప్తాండా. చేతులు ఆపొద్దు, చెనక్కాయలు ఒలుస్తానే వినండి. ఒరే, అవి ఇత్తనం కాయలు, నోట్లో ఏసుకునేది తగ్గించు, ఉన్నదంతా నువ్వే తింటే రేపు చేన్లో ఏమేస్తావు, నీ పండ్లా?

మీకు సుంకన్న బాగా తెలిసింది ముసలితనంలోనే. నేను చెప్పేది వాడు మీ మాదిరి ఉన్నప్పటి మాట. నేనూ వాడూ ఒక ఈడోళ్ళం, ఒకే కంబళి కింద పండుకోని పెరిగినోళ్ళం. వానికి పెండ్లయి ఏడాది తిరిగీ తిరక్కముందే పెండ్లాం మాదేవమ్మ కామెర్లతో పాయె. మంచి పిల్ల, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడతా ఉంటాండె, ఆ పిల్ల పోయినంక ఆ ఇంట్లో మాటనేదే లేకపాయె. సుంకన్న ఏడ్చలే. అదే వచ్చింది తంటా. ఏడ్చినోడు ఎప్పుడో ఒకప్పుడు ముక్కు తుడుచుకోని లేస్తాడు, ఏడ్చనోన్ని ఏం జేస్తాం చెప్పండి? పెడితే తింటాడు, పెట్టకుంటే అడగడు, పిలిస్తే చూస్తాడు, పలకడు. ఎంత సద్దులేకుండా ఉంటాండె అంటే, తలకు ఇన్నని లెక్కబెట్టి రొట్టెలు కాల్చే వాళ్ళమ్మ గూడ ఒకోపూట వాని రొట్టె మరిచిపోతాండె. మరిచిపోయి, మళ్ళా గుర్తొచ్చి, పొయ్యికాడ కూర్చోని ఆయమ్మ ఏడుస్తాండె.

ఆయమ్మే ఒకనాడు నా చేతులు పట్టుకోని, ఈరన్నా, నీకు బండి ఉందిగదా నాయనా, వాన్ని ఎక్కడికన్నా తీసుకోనిపో, నాలుగూర్లు చూపించు, నా కొడుకును మళ్ళా మనిషిని చేసి పిలుచుకోని రా అనె. నాకు అప్పుడు రాజ్‌దూత్ బండి ఉండె, మా మేనమామ మిలిట్రీ నుంచి వచ్చి కొనింది, ఆయనకు కాలు సరిగ్గా లేక నాకిచ్చె. సరే అత్తా, సముద్రం దాకా పోయొస్తాం, గుత్తి, తాడిపత్రి, గండికోట, కడప, ఆ పక్క నెల్లూరు, అన్నీ చూసుకోని నీ కొడుకును నీకు ఒప్పజెప్తా అని మాటిస్తి. మాటిచ్చేటప్పుడు ఎంత సులువుగా ఉంటాదో మీకూ తెలుసు.

పొద్దున్నే బయలుదేరితిమి. ఆయమ్మ సద్దిమూట కట్టిచ్చి, వాకిట్లో నిలబడి మేము మలుపు తిరిగేదాకా చూసె. ఇంగ దోవంతా నేనే మాట్లాడతాండా. అదిగో సుంకా, కొంగలు చూడు, ఇదిగో ఈడ మనం చిన్నప్పుడు జాతరకొచ్చి తప్పిపోతిమి, ఇట్ల ఏందేందో. వెనక నుంచి ఊఁ అనేది గూడ లేదు. వెనకాల మనిషి ఉన్నాడో లేడో తెలీకుండా బండి నడిపినారా మీరు ఎప్పుడన్నా? నడిపుంటే నా గోడు తెలుస్తాది. మధ్యమధ్యలో ఒక చెయ్యి వెనక్కి పెట్టి వాని మోకాలు తడిమి చూసుకుంటాంటి. ఇద్దరం పోతాండాం, ఒక్కన్నే పోతున్నట్లు ఉండె. ఆ నల్లరేగడి చేన్లు మీకు తెలుసుగదా, కోసినంక కనుచూపు మేర ఒక మనిషి ఉండడు, ఒక చెట్టు ఉండదు, ఆకాశం తప్ప ఏమీ ఉండదు, ఆడ పోతాంటే నాకే ఏడుపొచ్చె, వానికి రాలే.

మిట్టమధ్యాహ్నం ఒంటిచింత కాడికి వచ్చేసరికి బండి కాగిపోయింది, మా కడుపులు గూడ కాలుతాండాయి. అప్పుడు ఆ చెట్టు సంగతి మా ఇద్దరికీ తెలీదు. నీడ కనబడింది, ఆపితిమి. సద్దిమూట విప్పి జొన్నరొట్టె, చెనక్కాయల కారం, ఉల్లిగడ్డ పెట్టుకుంటిమో లేదో వెనకాల ఎవురో దగ్గె. చూస్తే బావి గట్టుమీద ఒక ముసలాయన, చేతిలో కర్ర, ఆ ఎండలో నిండుగా కంబళి కప్పుకోని కూర్చోనుండాడు. గొర్లకాపరేమో అనుకుంటిమి. మనమేమంటాం? రాప్పా పెద్దాయనా, ఒక రొట్టె తిందువు రా అంటి. ఆకలి లేదు నాయనా అనె. అని, మీరు గుత్తి పక్కకు పోతాండారా అని అడిగె. అవునంటి. మా ఊరోళ్ళు ఆ దోవనే పోయినారు, నన్ను గూడ ఎక్కించుకోని వాళ్ళు యాడున్నారో ఆడ దింపండి అనె. ముసలాయన, ఎండలో నడిచి యాడికి పోగలడు? సరే ఎక్కుదువులే అంటి.

ఇంగ ఈడ్నే వచ్చింది సంగతి. ముగ్గురమైతిమి గదా. ముగ్గురు కలిసి దోవ పట్టకూడదు, పని చెడతాది. నవ్వుతారేంరా? మీ అమ్మల్ని అడగండి, పిల్లను చూసేదానికి ముగ్గురు పోవాల్సొస్తే కొంగులో ఒక రాయి ముడేసుకోని పోతారో లేదో. ఆ రాయిని నాలుగోమనిషని లెక్కబెట్టుకోవాల, పోవాల్సిన తావుకు పోయినంక ఎత్తుకున్నోడే తన చేత్తో దించాల, ఇంగొకడు దించితే పనికిరాదు. మా అవ్వ నాకు నేర్పింది ఇదే, నేనెందుకు తప్పుతా? సుంకా, ఒక రాయి ఎత్తుకో అంటి. చెట్టు మొదట్లో రాళ్ళకుప్ప ఒకటుండె, వాడు వంగి దాంట్లోంచి పిడికిలంత నల్లరాయి ఒకటి తీసుకోని అంగీ జేబులో ఏసుకునె. అది ఏం కుప్పో, ఎందుకు పోసినారో మాకేం తెలుసు? ఆ ముసలాయన మాత్రం వేలు మడిచి మడిచి మమ్మల్ని లెక్కబెట్టె. నన్ను, సుంకన్నను, వాని జేబును, చివరికి తనను. లెక్క సరిపోయినట్లు తలాడించి బండెక్కె.

నేను ముందర, నడుమ సుంకన్న, వెనక ముసలాయన. కొంచెం దూరం పోయినామో లేదో నాకు వెనకాల మాట వినబడె. ఎవురిదనుకున్నారు? సుంకన్నది! ఎన్నాళ్ళుగానో గొంతు విప్పనోడు మాట్లాడతాండాడు! మాదేవమ్మ రొట్టె తట్టేటప్పుడు గాజులు మోచేతిదాకా ఎట్ల తోసుకుంటాండెనో, పిల్లి పాలు తాగిపోతే పిల్లిని కాకుండా తనను ఎట్ల తిడతాండెనో, ఒకటే చెప్తాండాడు, ముసలాయన ఊఁ కొడతాండాడు. నాకు ఆనందంతో బండి యాడ పోతాందో గూడ కనబడలే. సుంకులమ్మ తల్లీ, తిరిగొచ్చినంక నీకు టెంకాయ కొడతానని ఆడికాడ్నే మొక్కుకుంటి. కొంతసేపైనంక సుంకన్న మాట సన్నగిల్లె, ముసలాయన గొంతు పెద్దదాయె. అలిసిపోయినాడేమోలే అనుకుంటి. చెయ్యి వెనక్కి పెట్టి మోకాలు తడిమి చూడాలని గూడ తోచలే, అంత సంతోషంలో ఉండా.

గుత్తి ఇంకా రాకముందే దోవ చీలేకాడ కానగచెట్టు కింద ఒకాయమ్మ చాయ్ అమ్ముతాండె, నరసక్క అంటారు. ఆపి బెంచీమీద కూర్చుంటిమి, అదే వరస, నేను, నడుమ సుంకన్న, ఆ పక్క ముసలాయన. అక్కా చాయ్ అంటి. ఆయమ్మ రెండు గ్లాసులు తెచ్చి ఒకటి నా చేతికి, ఒకటి ముసలాయన చేతికి ఇచ్చి పాయె. ఇంగొకటి అక్కా అంటి. ఎవురికి అన్నా అనె. మావానికి అంటి. నీకిస్తి, మీ పెద్దాయనకిస్తి, ఇంగ ఎవురున్నారన్నా అని నవ్వె. తమాషా చేస్తాందేమో అనుకుంటి. అంతలో బొరుగుల తట్ట తెచ్చి నాకూ ముసలాయనకూ నడుమ పెట్టె. ఏడ పెట్టిందనుకున్నారు? సుంకన్న తొడలమీద. చెక్కమీద పెట్టినట్లు పెట్టి పాయె. తట్ట కదల్లే, వాడూ కదల్లే.

భుజంమీద చెయ్యేసి చూస్తి. ఎండలో అంత దూరం వచ్చిన మనిషి, ఒళ్ళు బావిలో రాయి మాదిరి సల్లగా, గట్టిగా ఉండె. రాయిని మనిషిని చేస్తే, మనిషి ఒకడు రాయి గావాల గదా.

ముసలాయన మాత్రం రెండు చేతుల్తో గ్లాసు పట్టుకోని, వేడిది తాగి ఎన్నేండ్లాయెనో నాయనా అని మెల్లగా చప్పరిస్తాండె. ఎవురు నువ్వు అని అడిగితి. దాచలే, చెప్పె. నాగులకుంటలో గత్తర, అదే కలరా, వచ్చిందంట, దినానికి ఇంతమంది అని పోతాంటే మిగిలినోళ్ళు ఊరు వదిలి పెట్టాబేడా ఎత్తుకున్నారంట. ఈయనకు అప్పటికే వాంతులు పట్టుకున్నాయి, నడవలేడు. తోడబుట్టిన అన్న వచ్చి, చింతచెట్టు నీడన పండబెట్టి, కుండతో నీళ్ళు పెట్టి, తన కంబళి తీసి కప్పి, కొత్తతావు చూసుకోని మళ్ళొస్తాం, నువ్వు ఈడే ఉండు, యాడికీ పోవద్దు అన్నాడంట. ఈయన యాడికీ పోలే. తరవాత దోవన పోయేటోళ్ళు చూసి, తవ్వేదానికి భయపడి తలా ఒక రాయి ఏసి కప్పిపెట్టినారంట. ఊరోళ్ళు కొత్తతావుకు పోయినంక అందర్నీ లెక్కబెట్టుకోనుంటారు గదా నాయనా, నా పేరొచ్చినప్పుడు ఏమనుంటారో అదొక్కటే నాకు తెలీలే అనె.

నాకు జాలేసింది, కాదన్ను. అయినా మావాడు మావాడే గదా. పెద్దాయనా, వాని తావు వానికియ్యి అంటి. నేను గుంజుకోలేదు నాయనా అనె ఆయన. నీకోసం ఎదురుచూసేటోళ్ళు ఎవురన్నా ఉన్నారా అని బండిమీద వాన్ని నేనే అడిగితి, వాడు ఎవురూ లేరనె. నీ తావు నాకిస్తావా అని అడిగితి, తీసుకో, నాకెందుకు అనె. అంతే అని చెప్పి మళ్ళా చాయ్ తాగె.

అప్పుడొచ్చింది నాకు కోపం, ముసలాయన మీద కాదు, సుంకన్న మీద! ఒరే ఎవురూ లేరంటావా, నేనెవురిని రా? మీయమ్మ వాకిట్లో నిలబడింది ఎవురికోసం రా? అని ఇంత గొంతేసుకోని తిట్టినా. నరసక్క చూసి, ఈయప్పకు ఎండదెబ్బ తగిలింది, ఒట్టి బెంచీని తిడతాండాడు అనుకునింటాది. వాని జేబులో చెయ్యి పెట్టి రాయి లాగబోతే రాలే, ఎత్తుకున్నోడే దించాల గదా. ఇంగ తిట్లు అయిపాయె. వాని ముందర కింద కూర్చోని ఏడిస్తి. ఒరే సుంకా, నువ్వు పలక్కపోయినా నా వెనకాల ఉండావని ఇంతదూరం మాట్లాడతా వస్తి. నువ్వే లేకుంటే నేను ఎవురితో మాట్లాడాల రా? నీ పెండ్లాం పోయి నువ్వు ఒంటివాడివైతివి, నువ్వు పోతే నేనైతా, ఇది యాడికి పోయి ఆగుతాది రా? అంటి.

అప్పుడు వాని పెదవి కదిలె. నేను దించితే, ఆయప్ప మళ్ళా ఒక్కడే కూర్చోవాల గదరా ఈరన్నా అనె.

మీరైతే ఏం చెప్తారు? వాడే ముసలాయన పక్క చూసి, దించుతా, ఈడ కాదు, ఎత్తుకున్న కాడనే దించుతా, ఆయనతో ఒక మాట చెప్పేదుంది అనె.

బండి వెనక్కి తిప్పితి. ముసలాయన ఎదురు చెప్తాడేమో, గొంతు పట్టుకుంటాడేమో అనుకుంటి. ఏమీ అన్లే. గ్లాసు నరసక్కకు ఇచ్చి, సల్లగుండు తల్లీ అని, నన్ను ఈడనే వదిలేసి పోరు గదా అని అడిగి, మెల్లగా ఎక్కి కూర్చునె. దెయ్యం ఎట్లుంటాదని అడుగుతారు గదా, అట్లుంటాది.

పొద్దు వాలేముందర చింతచెట్టు కాడికి చేరితిమి. ముసలాయన పోయి గట్టుమీద తన తావులో కూర్చునె. సుంకన్న ఆయన కాళ్ళకాడ గొంతుకూర్చోని, రాయి చేతిలో పట్టుకోని చెప్పె. తాతా, మీ వాళ్ళు రారు. మళ్ళొస్తాం అన్నారు, నిజంగానే వద్దామనే అనుకోనుంటారు, వాళ్ళలో ఇంగెంతమంది దోవలోనే పోయినారో. ఇప్పుడు వాళ్ళెవురూ లేరు, వాళ్ళ పిల్లలూ ముసలోళ్ళై పోయుంటారు. నీకోసం ఎవురూ రారు తాతా. నువ్వు ఎదురుచూడొద్దు అనె.

మరి మీరు? అని ముసలాయన అడిగె. మేమూ రాము అనె సుంకన్న.

ముసలాయన పాతదోవ పక్క చూసె. తరవాత, ఇన్నేండ్లలో ఈ మాట చెప్పినోడు నువ్వొక్కనివే నాయనా అనె. నేను ఆశగా, అయితే ఇంగ నువ్వు పోవచ్చు గదా పెద్దాయనా అంటి. ఆయన కంబళి సర్దుకోని, యాడికి పోదును, కూర్చునేది అలవాటైపాయె అనె. సుంకన్న వంగి రాయిని కుప్పమీద దించె. తలెత్తి చూస్తే గట్టుమీద ఎవురూ లేరు, ఎండుచింతకాయలు గాలికి గలగలమంటాండాయి.

వాని చెయ్యి పట్టుకుంటి. చెమటకు తడిసి, వెచ్చగా ఉండె. బండెక్కి కొంచెం దూరం పోయినంక నా వీపుకు తల ఆనిచ్చి ఏడ్చడం మొదలుపెట్టె. రాదురా, మాదేవి ఇంగ రాదురా అని, గుత్తి దీపాలు కనబడేదాకా అదే మాట. నేను ఊరుకోమని చెప్పలే. నా అంగీ వెనకంతా తడిసిపాయె, అంత సంతోషంగా నేను ఎప్పుడూ బండి నడపలే.

సముద్రం గూడ చూస్తిమిలే, ఉప్పునీళ్ళు, ఇసక, అంతే. వాడు మళ్ళా పెండ్లి చేసుకునె, పిల్లల్ని కనె, మీ అందరితో పోట్లాడె, మొన్న ఎండాకాలంలో పాయె. ఇప్పుడు నాకు గూడ సాయంత్రమైతే వాకిట్లో ఎవురో వచ్చినట్లుంటాది, తలెత్తి చూస్తా, రాడని తెలుసు గదా, మళ్ళా కాయలు ఒలుచుకుంటా.

అందుకే చెప్తాండా, రేపు కొత్తరోడ్డునే పోండి. దెయ్యం పట్టుకుంటాదని కాదు, పాపం ఆయప్ప ఎవుర్నీ ఏమీ చెయ్యడు. మీరే ఏమన్నా చేస్తారని నా భయం. నీడ బాగుందని ఆగుతారు, ముసలాయన కనబడితే రెండు మాటలు మాట్లాడతారు, లేచేటప్పుడు మనకు నోటికొచ్చేది ఒకటే గదా, పోయొస్తాం తాతా, మళ్ళా ఈ దోవన వచ్చినప్పుడు కలుస్తాం అంటారు. అనేసి గండికోట చేరకముందే మరిచిపోతారు. ఆయన ఎదురుచూసేది ఎంతో కష్టంమీద మానుకున్నాడు. ఆడికి పోవద్దు.